దారి మూసేశారు

ముందు గొంతు వినబడింది. మనిషిని బతూల్ ఆ తర్వాత చూసింది.

"మిత్రులారా, మళ్ళీ ఫెస్ వచ్చేశాం! పాతనగరం నడిబొడ్డున, తాతలనాటి ఇంట్లో దిగుతున్నాం!"

ఆమె చేతిలో టీ కెటిల్ ఉంది. తను పనిచేసే అతిథుల ఇంటి మండువాలో, నీటితొట్టి పక్కన నిలబడి గ్లాసుల్లో పుదీనా టీ పోస్తోంది. ధార ఎత్తు నుంచి పడాలి. పైన నురగ కట్టాలి. ఆ గొంతు విన్నాక కూడా ధార వంకర పోలేదు. అందుకు తనే ఆశ్చర్యపోయింది.

ఆ గొంతును ఆమె ఏడాదిగా ఎరుగును. తమ్ముడు అల్లాల్ జైల్లో ఉన్నన్నాళ్ళూ ఫోన్‌లో ఆ గొంతు వినిపించే వీడియో ఒకటి పెట్టుకుని చూసేది. 'ఫెస్‌కి మొదటిసారి వెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు తీసుకోండి.' అన్నిటికన్నా ముందు చెప్పిన జాగ్రత్త ఇదీ: 'దారి మూసేశారు అని ఎవడైనా చెబితే నమ్మకండి. వాడు మోసగాడు. మిమ్మల్ని తన దుకాణానికి తిప్పుకుపోతాడు.' ఆ మాట దగ్గర తెర మీద కనబడే ముఖం అల్లాల్‌ది. అరచేయి అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి బెదురుగా చూస్తున్న ముఖం.

గొంతు తాలూకు మనిషి ఇప్పుడు ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు. ముప్పై దాటి ఉండవు. మెడలో చిన్న కెమెరా వేలాడుతోంది. అతని భుజం పట్టుకుని ఒక పెద్దావిడ మెట్లు దిగుతోంది, ఒక్కో మెట్టుకూ ఆగుతూ.

"నా పేరు నౌఫల్. కాసాబ్లాంకా నుంచి. ఈమె మా అమ్మ, హజ్జా మిలూదా. అమ్మ ఫెస్ రావడం ఇదే మొదలు."

"కూర్చోండమ్మా," అంది బతూల్, పెద్దావిడకు దిండు సర్దుతూ.

"మోకాళ్ళు తల్లీ, మోకాళ్ళు!" అంది మిలూదా. "మౌలే ఇద్రీస్ దర్గాలో ఒక కొవ్వొత్తి వెలిగించాలని మొక్కు. వీడు పుట్టకముందు మొక్కుకున్నది. వీడికి గడ్డం కూడా వచ్చింది గానీ నా మొక్కు తీరలేదు."

"తీసుకొచ్చాను కదమ్మా."

"తీసుకొచ్చావు. ఆ కెమెరా తర్వాత నన్ను."

పెద్దావిడ టీ తాగి, పడుకోవడానికి గదిలోకి వెళ్ళింది. నౌఫల్ చొరవగా బతూల్ వైపు తిరిగాడు.

"అక్కా, ఇక్కడ దిగినవాళ్ళందరికీ మొదటిరోజు మీరే జాగ్రత్తలు చెబుతారటగా? అవే కెమెరా ముందు చెప్పండి. ఊరి ఆడమనిషి నోటి నుంచి వస్తే ఆ లెక్కే వేరు."

"నా ముఖం పడకూడదు బాబూ."

"పడదు. చేతులు, గ్లాసులు, టీ ధార. అంతే."

'మా తమ్ముడి ముఖం కూడా పడకూడదని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు' అనుకుంది ఆమె. పైకి మాత్రం తలకు కట్టిన గుడ్డ బిగించుకుని కెటిల్ అందుకుంది.

"జారని చెప్పులు వేసుకోండి. సందుల్లో రాళ్ళు ఎప్పుడూ తడిగా ఉంటాయి. వెనక నుంచి 'బాలక్!' అని కేక వినబడితే తిరిగి చూడకండి, ముందు గోడకు అతుక్కోండి. అది కంచరగాడిద తోలేవాడి కేక. మీరు చూసేలోగా గ్యాస్ సిలిండర్లు మీ మోచేతికి తగులుతాయి. తోళ్ళు ఊనే చోట కంపు భరించలేరు, గుప్పెడు పుదీనా ముక్కు దగ్గర పెట్టుకోండి. బేరం ఆడబోయే ముందు టీ తాగండి, తాగినంత మాత్రాన కొనాలని రూలేం లేదు. ఫోన్లో మ్యాపును నమ్ముకోకండి. మా సందుల్లో దానికే దారి తెలియదు."

నౌఫల్ పకపకా నవ్వాడు. "అద్భుతం అక్కా! కానీ అసలుది మర్చిపోయారు. దారి మూసేశారని చెప్పే దొంగలు."

"అది మీరు చెబితేనే బాగుంటుంది బాబూ," అంది బతూల్.

ప్రతి అతిథికీ ఆమె ఆఖరున చెప్పే మాట ఒకటుంది. ఈ ఊరు గిన్నెలాంటిది. దర్గా, మసీదు, బజార్లు అన్నీ గిన్నె అడుగున. ఊరి బయటికి పోయే దర్వాజాలన్నీ అంచు మీద. దారి తప్పితే కంగారుపడొద్దు. ఎటు పోవాలో తెలియకపోతే పైకి ఎక్కండి, ఏదో ఒక దర్వాజా తగులుతుంది. పసిపిల్లవాడు కూడా గుర్తుపెట్టుకోగల మాట.

ఆ మాటను ఆమె ఆ సాయంత్రం మింగేసింది. నౌఫల్ కెమెరా కట్టేసి, బాగుందని రెండుసార్లు మెచ్చుకుని, లోపలికి వెళ్ళాడు.

*

మర్నాడు పొద్దున్నే పిండి పలక నెత్తిన పెట్టుకుని బతూల్ రొట్టెల బట్టీకి వెళ్ళింది. ఆ పేటలో ఏ ఇంటి పిండి అయినా సల్లామ్ బాబాయి బట్టీలో కాలవలసిందే. ఎవరి రొట్టె ఎవరిదో ఆయన గుర్తుపట్టడానికి గుర్తులు అక్కర్లేదు. నొక్కిన చేతిని బట్టి చెప్పేస్తాడు.

"ఇవాళ నీ పిండి కోపంగా ఉందమ్మాయ్," అన్నాడాయన, పొడుగాటి తెడ్డు మీదికి రొట్టె జార్చుకుంటూ. "ఇంత గట్టిగా పిసికావేం?"

"వాడొచ్చాడు బాబాయ్."

"ఎవడు?"

బతూల్ గడ్డం ఎత్తి ఎదురు సందు వైపు చూపించింది. దానిమ్మ సందు. మొదట్లో మామూలుగానే కనిపిస్తుంది. మలుపు తిరిగాక రెండు ఇళ్ళ గోడలు ఒకదాని మీదికి ఒకటి వాలి ఉంటాయి. మధ్య దుంగలు అడ్డం పెట్టి, అవతలికి పోకుండా చెక్కలు కొట్టేశారు. బయట బోర్డు పెడతామని చెప్పి ఏళ్ళయింది.

సల్లామ్ తెడ్డు ఆపాడు. "ఆ కెమెరావాడా?"

"మా ఇంట్లోనే దిగాడు. నా టీ తాగాడు. మళ్ళీ అదే మాట చెప్పమన్నాడు నాతో."

సల్లామ్ బట్టీలోకి తిరిగి, మాడబోతున్న రొట్టెను బయటికి లాగాడు. "నా కళ్ళతో చూశాను కదే. అల్లాల్ రాగి పళ్ళెం వీపున వేసుకుని పోతూ, 'అటు మూసేశారు అన్నా, ఇటు వెళ్ళండి' అన్నాడు. అంతే అన్నాడు. వీడు కెమెరా ముఖం మీద పెట్టాడు. తర్వాత సందులోకి వెళ్ళాడు. చెక్కలు చూశాడు. తిరిగొచ్చాడు. నా ముందు నుంచే పోయాడు, తలొంచుకుని. కోర్టులో ఇదే చెప్పాను."

"చెప్పావు."

"రొట్టెలు కాల్చేవాడి మాట ఎవడిక్కావాలి? వీడియో ఊరూరా తిరిగింది. పోలీసులకు ఎవణ్ణో ఒకణ్ణి పట్టుకున్నామని చూపించుకోవాలి. సర్కారు ఇచ్చే గైడు బిళ్ళ లేకుండా యాత్రికులకు దారి చూపించాడని మూడు నెలలు."

"చెక్కలు చూసిన ముక్క వీడియోలో లేదు బాబాయ్. కోసేశాడు." బతూల్ గొంతు తగ్గించింది. "రేపు శుక్రవారం. వాడు దర్గా వైపు పోతానన్నాడు. ఎవరినీ అడక్కుండా తిరిగి రాలేడు. నాకు ఒకటే కావాలి. వాడు దారి అడిగితే పేటలో ఎవ్వరూ చెప్పకూడదు."

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధమెందుకు? నిజమే చెప్పండి. 'మాకు బిళ్ళ లేదు బాబూ, దారి చెబితే జైలు' అనండి. అందరూ అదే మాట."

సల్లామ్ మీసాల చాటున నవ్వాడు. పొయ్యి వెలుగులో ఆ నవ్వు ఎర్రగా కనిపించింది. బట్టీకి పిండి తెచ్చే ప్రతి ఇల్లూ మధ్యాహ్నానికి ఆ మాట మోసుకుపోతుందని ఇద్దరికీ తెలుసు. వేడి రొట్టెతో పాటు వెళ్ళే కబురు చల్లారదు.

తిరుగుదారిలో ఆమె కంచరి బజారు మీదుగా వెళ్ళింది. సుత్తుల చప్పుడుకు చెవులు గింగిర్లెత్తుతున్నాయి. అల్లాల్ దుకాణం ముందు కూర్చుని పళ్ళెం అంచు వంచుతున్నాడు. తెల్లజుట్టు విదేశీ స్త్రీ ఒకావిడ వచ్చి అతని ముందు వంగింది. చేతిలో కాగితం, ముఖం మీద చిరునవ్వు. ఏదో దారి అడుగుతోంది.

అల్లాల్ కళ్ళెత్తలేదు. పళ్ళెం, సుత్తి తీసుకుని లేచి దుకాణం వెనక చీకట్లోకి వెళ్ళిపోయాడు. ఆవిడ కాసేపు నిలబడి, చేసిన తప్పేమిటో తెలియని మనిషిలా కదిలి వెళ్ళింది.

ఒకప్పుడు వాడి నోట్లో నువ్వు గింజ నానేది కాదు. వచ్చేపోయే వాళ్ళతో వాళ్ళ భాషల్లో నాలుగు మాటలు కలిపి, నవ్వించి పంపేవాడు. 'రేపు' అనుకుంది బతూల్. 'రేపు చూద్దాం ఎవరికి నోరు పడిపోతుందో.'

*

శుక్రవారం నమాజు తర్వాత ఫెస్ నిద్రపోయినట్టు ఉంటుంది. దుకాణాల తలుపులు మూసుకుంటాయి. సందులు ఖాళీ అవుతాయి. ఇళ్ళలోంచి కుస్‌కుస్ ఉడుకుతున్న వాసన మాత్రం బయటికొస్తుంది. ఈ సంగతి కూడా కొత్తవాళ్ళకు చెప్పవలసిందే. బతూల్ చెప్పలేదు.

ఆమె బట్టీ నుంచి వచ్చేసరికే నౌఫల్ వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర అతని బూట్లు లేవు. పెద్దావిడ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. నిద్రపోతోందనుకుని చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళింది. ఇంటి యజమాని బంధువుల ఇంటికి వెళ్ళాడు. ఇక ఇంట్లో మెలకువగా ఉన్నది తనూ, పొయ్యి మీది కుండా.

వెడల్పాటి మట్టి పళ్ళెంలో రవ్వ పోసి, ఉప్పునీళ్ళు చిలకరించి, రెండు అరచేతుల మధ్య నలపసాగింది. ఒక్క ఉండ కూడా మిగలకూడదు. మొదటి ఆవిరి అయింది. పళ్ళెంలోకి తిరగబోసి, నూనె రాసుకున్న చేతులతో మళ్ళీ విడదీస్తోంది. అప్పుడు మోగింది ఫోను.

గూట్లో ఉన్న ఇంటి ఫోను అది. తెర మీద నౌఫల్ పేరు.

బతూల్ చేతులు ఆగలేదు. వేళ్ళు రవ్వలో మెల్లగా తిరుగుతున్నాయి. ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆమె పెదాలు ఏదో పాట పాడుతున్నట్టు కదిలాయి. అడగవయ్యా. గోడల్ని అడుగు. మ్యాపును అడుగు. నీ లక్షలమంది మిత్రులను అడుగు.

మూడోసారి మోగి మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత మోగలేదు.

రెండో ఆవిరి అయింది. మూడోది అయింది. ఇంత తీరికగా, ఇంత తృప్తిగా ఆమె ఏనాడూ కుస్‌కుస్ వండలేదు. రవ్వ మధ్య గుంట చేసి మాంసం పెట్టి, చుట్టూ గుమ్మడి, ముల్లంగి, శనగలు పేర్చి, పులుసు పోసింది. పెద్దావిడకు వేరే గిన్నెలో మెత్తగా ఉడికినవి ఏరి పెట్టింది. కొడుకు చేసిన పాపానికి తల్లిని పస్తు పెట్టే రకం కాదు తను.

"అమ్మా, భోజనం," అని గది తలుపు తోసింది.

పక్క మీద దుప్పటి మడత పెట్టి ఉంది. గోడ పక్కన ఉండాల్సిన చెప్పులు లేవు. నిన్న బల్ల మీద చూసిన కొవ్వొత్తుల కట్ట లేదు. మందుల సంచి మాత్రం అక్కడే ఉంది.

గిన్నె ఆమె చేతిలో ఒరిగి, పులుసు మణికట్టు మీద పడింది. మంట తెలియలేదు.

శుక్రవారం. దర్గాలో మొక్కు. వీడొక్కడే ఎందుకు పోతాడనుకుంది?

పరుగున వెళ్ళి ఫోను అందుకుంది. అవతల ఫోను చచ్చిపోయి ఉంది. తలగుడ్డ సవరించుకోకుండానే వీధిలో పడింది.

సందులో ఎవరూ లేరు. మూసిన తలుపుల వెనక నుంచి చెంచాల చప్పుడు. బట్టీ చల్లారి ఉంది. సల్లామ్ బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి నవ్వాలి. నవ్వలేదు.

"వాళ్ళొచ్చారా?"

"వచ్చారు. తిరిగిన చోటే తిరుగుతూ ఈ అరుగు ముందు నుంచే పోయారు."

"పెద్దావిడ కూడా?"

"ఆమె ఉందని నువ్వు చెప్పలేదు." సల్లామ్ చేతులు చూసుకున్నాడు. "వాడు అడిగాడు. నేను ఆ మాట అన్నాను. అవతల ఇద్దరు ముగ్గురు కూడా అదే అన్నారట. వాడి ముఖం తెల్లగా పాలిపోయింది. అది బాగానే ఉంది. ఆ వెనక ఆమె గోడ పట్టుకుని, 'ఒక గుక్కెడు నీళ్ళు నాయనా' అంది. అప్పటికే తలుపు వేసేసుకున్నాను. వేసుకున్న తలుపు వెనక నిలబడి విన్నాను."

"నీళ్ళివ్వలేదా?"

"ఎలా తెరవను? ఏ ముఖంతో?" ఆయన చల్లారిన బట్టీ వైపు తిరిగాడు. "మౌలే ఇద్రీస్ దగ్గరికి వచ్చిన మనిషికి నీళ్ళు లేవన్న పేట మనదే అయింది, అమ్మాయ్."

"ఎటు పోయారు?"

"కిందికి. తోళ్ళ వైపు."

కిందికి. ఇంకా కిందికి. పోకేం చేస్తారు? పైకి ఎక్కమని చెప్పిందెవరు గనక?

బతూల్ రెండడుగులు వేసి ఆగింది. ఎక్కడినుంచో ఒక శబ్దం వస్తోంది. టంగ్. మళ్ళీ కాసేపటికి, టంగ్. రాగి మీద ఇనుము తగిలిన శబ్దం. కంచరి బజారు శుక్రవారం నోరెత్తదు. అయినా శబ్దం దగ్గరవుతోంది.

మలుపులోంచి అల్లాల్ వచ్చాడు. పెద్ద పళ్ళెం వీపున కట్టుకున్నాడు. చేతిని వెనక్కి పెట్టి తాళంచెవితో దాన్ని తడుతున్నాడు. తల తిప్పడం లేదు. ఎవరితోనూ సంబంధం లేనట్టు, తన పనేదో తను పోతున్నట్టు నడుస్తున్నాడు. బిళ్ళ లేనివాళ్ళు దారి చూపాల్సి వస్తే ఫెస్‌లో అలాగే నడుస్తారు, పదడుగులు ముందు, పరాయివాళ్ళలా. పోలీసు చూసినా పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ శబ్దం పట్టుకుని వెనకాల మిలూదా వస్తోంది. చేతిలో మూత లేని నీళ్ళ సీసా. ఆమె ఆగితే తాళంచెవి కూడా ఆగుతోంది. ఆమె కదిలితే టంగుమంటోంది. ఆమె భుజం కింద చెయ్యి వేసి నౌఫల్ నడుస్తున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

అల్లాల్ అక్క పక్క నుంచే పోయాడు. ఆమె వైపు చూడలేదు. ఆమె కూడా వాళ్ళ వెనక నడిచింది, చెయ్యగలిగింది లేక.

అతిథుల ఇంటి గుమ్మం దగ్గర అల్లాల్ ఆగి, తలుపు మీద ఒకసారి తట్టి, వెనుదిరిగాడు. అప్పుడు నౌఫల్ గబగబా ముందుకొచ్చాడు.

"అన్నా, ఆగండి! ఈ ఊళ్ళో ఒక్క మనిషి కూడా ఒక్క మాట చెప్పలేదు. మీరు దేవుడిలా వచ్చారు. ఫెస్‌లో మంచివాడు ఇంకా ఒకడున్నాడని మా వాళ్ళకు చూపిస్తాను. ఒక్క నిమిషం..."

మెడలోని కెమెరా పైకి లేచింది.

అల్లాల్ చెయ్యి దానంతటదే లేచి ముఖానికి అడ్డం వచ్చింది. వేళ్ళ సందుల్లోంచి రెండు కళ్ళు.

నౌఫల్ అలాగే నిలబడిపోయాడు. అతను ఆ చేతిని చూస్తున్నాడు. ఆ వేళ్ళను, ఆ కళ్ళను. లక్షలమందికి తను చూపించిన బొమ్మ. కెమెరా మెల్లగా కిందికి దిగి, తాడుకు వేలాడింది. అల్లాల్ చెయ్యి దించకుండానే సందు మలుపు తిరిగిపోయాడు.

"ఏమైంది?" అంది మిలూదా, కొడుకు ముఖం చూస్తూ.

"ఏం లేదమ్మా."

పెద్దావిడ చూపు కొడుకు మీంచి బతూల్ మీదికి మళ్ళింది. అక్కడే కాసేపు ఉండిపోయింది.

*

ఆ సాయంత్రం తమ ఇంట్లో అల్లాల్ చేతులు కడుక్కుంటూ నోరు విప్పాడు.

"ఎవరినడిగినా ఒకే మాట వచ్చింది వాళ్ళకి. బిళ్ళ లేదు, దారి చెబితే జైలు. ఎవరు నేర్పారక్కా?"

బతూల్ అతనికి తువ్వాలు అందించింది.

"అది నా మాట. జైలుకెళ్ళి తెచ్చుకున్నది. పేటంతా పంచిపెట్టావా, రొట్టెముక్కల్లా?"

"వాడు నిన్ను ఏం చేశాడో మర్చిపోయావా?"

"మర్చిపోతే నోరు తెరిచి దారి చెప్పేవాణ్ణి కదా! వాళ్ళు పోతున్నది తోళ్ళ సున్నపు గుంటల వైపని తెలిసీ, నా నాలుక కదల్లేదు. పళ్ళెం తట్టుకుంటూ నడవాల్సి వచ్చింది, గొర్రెల మందకు గంట కట్టినట్టు." తువ్వాలు దండెం మీదికి విసిరాడు. "వాడి మీద పగ తీర్చుకో. వద్దనను. వాళ్ళమ్మ మీద కాదు."

*

శనివారం పొద్దున మిలూదా వంటింట్లోకి వచ్చి, అడగకుండానే పీట లాక్కుని కూర్చుంది. బతూల్ పిండి పిసుకుతోంది.

"కుస్‌కుస్ రాత్రి తిన్నాను. చల్లారినా బాగుంది. నీ చెయ్యి మంచిది. ఆ చేతికి ఏమైంది?" అంది, మణికట్టు మీది బొబ్బ చూపిస్తూ.

"పులుసు పడిందమ్మా."

"మావాడు రాత్రంతా పడుకోలేదు. చిన్నప్పుడు దొంగతనం చేస్తే ఇలాగే గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాడు చెప్పడు. నువ్వు చెప్పు తల్లీ. ఆ పళ్ళెం కుర్రాడు నీకేమవుతాడు? మావాడు వాడికేం చేశాడు?"

బతూల్ చెప్పింది. దాచలేదు, పెంచలేదు. దానిమ్మ సందు గురించి, జైలు గురించి చెప్పింది. మోగుతున్న ఫోను ఎత్తకుండా రవ్వ నలిపిన సంగతి కూడా చెప్పింది. పిండి పిసకడం మాత్రం ఆపలేదు.

పెద్దావిడ చివరిదాకా విని ఒకటే అడిగింది. "మూసి ఉందని వాడు కళ్ళారా చూశాడా?"

"చూశాడు. చూసి తిరిగొచ్చాడు."

మిలూదా పీట మీంచి లేచింది. మోకాళ్ళు పట్టుకోవడం కూడా మర్చిపోయింది.

"నాకు నీళ్ళివ్వని పాపం నీది తల్లీ, అది దేవుడూ నువ్వూ చూసుకోండి. ఈ లెక్క నాది." మండువాలోకి వెళ్ళి పిలిచింది. "ఒరే నౌఫల్! బూట్లు వేసుకో. ఆ సందు చూపించు నాకు."

*

బతూల్ పిండి పలకతో బట్టీకి చేరేసరికి తల్లీకొడుకులు అక్కడే ఉన్నారు. మిలూదా సల్లామ్ బాబాయి అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన నీళ్ళ కూజా, టీ గ్లాసు, నువ్వులద్దిన వేడి రొట్టె. సల్లామ్ ఆమె పక్కన చేతులు కట్టుకుని, బడిలో పిల్లాడిలా నిలబడ్డాడు.

నౌఫల్ దానిమ్మ సందు మొదట్లో ఉన్నాడు. లోపలికి వెళ్ళి దుంగలు, చెక్కలు చూసి వచ్చాడని అతని భుజాల మీది దుమ్మే చెబుతోంది.

"చూశానమ్మా. ఇక పోదాం. ఆ వీడియో తీసేస్తాను."

"తీసేస్తే ఆ కుర్రాడి మూడు నెలలు తిరిగొస్తాయా?" అంది తల్లి, రొట్టె తుంచుతూ. "అక్కడే నిలబడు. వచ్చేవాళ్ళకి చెప్పు. వాడు నీకు చెప్పినట్టే."

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"నీకు నలుగురూ చూడ్డం ఇష్టమే కదరా."

బతూల్ పలక దించి, బట్టీ గోడకు ఆనుకుని నిలబడింది. ఏడాదిగా ఆమె కోరుకున్నది ఇలాంటిదేదో. ఒక్క రెప్పపాటు కూడా పోగొట్టుకోదలచుకోలేదు.

వంపు తిరిగి ఒక జంట వచ్చింది. విదేశీయులు. వీపున సంచులు, చేతిలో ఫోన్లు. మ్యాపు చూసుకుంటూ నేరుగా దానిమ్మ సందులోకి పోబోయారు.

"అటు మూసేశారు," అన్నాడు నౌఫల్ వాళ్ళ భాషలో. "దారి లేదు."

ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అన్నీ తెలిసినవాళ్ళ నవ్వు ఒకటి నవ్వారు. "వద్దు, థ్యాంక్యూ," అంది ఆ అమ్మాయి, చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు.

"నిజంగానే చెబుతున్నాను. నాకేం అక్కర్లేదు. నేను చూసొచ్చాను..."

అతను మాట్లాడేకొద్దీ వాళ్ళ ముఖాలు బిగుసుకున్నాయి. మగవాడు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి ముందుకు నడిపించాడు. ఆమె వెనక్కి తిరిగి ఫోను ఎత్తింది. దాని కన్ను నేరుగా నౌఫల్ ముఖం మీదికి తిరిగింది.

నౌఫల్ చెయ్యి లేచింది. అరచేయి ముఖానికి అడ్డం. వేళ్ళ సందుల్లోంచి కళ్ళు.

బట్టీ దగ్గర ఎవరూ నవ్వలేదు. సల్లామ్ బాబాయి తెడ్డు కర్రను గట్టిగా పట్టుకున్నాడు. మిలూదా రొట్టె ముక్క నోటి దాకా తీసుకెళ్ళి, తినకుండా ఒళ్ళో పెట్టుకుంది.

కాసేపటికి ఆ జంట తిరిగొచ్చింది. తలలు వంచుకుని, అడుగులు గబగబా వేస్తూ. నౌఫల్ ముందు నుంచే పోయారు. అతని వైపు చూడలేదు. క్షమించమనీ అనలేదు.

ఆ రోజు వీడూ అచ్చం ఇలాగే పోయాడు, అనుకుంది బతూల్.

నౌఫల్ చెయ్యి దించాడు. తల్లి వైపు కాదు, బతూల్ వైపు చూశాడు. 'ఇక చాలా?' అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

"ఇంకెవరో వస్తున్నారు బాబూ," అంది ఆమె. "చెప్పండి."

ఈసారి వచ్చింది తెల్లజుట్టు స్త్రీ, ఒంటరిగా. కంచరి బజారులో అల్లాల్‌ని దారి అడిగిన మనిషి. అదే కాగితం చేతిలో. నౌఫల్ నోరు తెరిచాడు. మాట బొంగురుగా, సగం చచ్చి వచ్చింది. "మూసేశారు."

ఆవిడ ఆగింది. అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, నమ్మకంగా, తేలిగ్గా అడిగింది. "ఓహో. మరి ఎటు వెళ్ళాలి?"

నౌఫల్ అటూ ఇటూ సందుల వైపు చూశాడు. మొదటిసారి వచ్చేవాళ్ళకి ఇన్ని జాగ్రత్తలు చెప్పినవాడికి ఇక్కణ్ణుంచి ఎటు పోవాలో తెలియదు. అతను మళ్ళీ బతూల్ వైపు తిరిగాడు. ఆవిడ కూడా తిరిగింది. ఇద్దరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

బిళ్ళ లేదు బాబూ, దారి చెబితే జైలు. ఆ మాట బతూల్ నాలుక చివరే ఉంది, పదునుగా, తీయగా.

ఎక్కడో కంచరి బజారు వైపు శనివారం సుత్తులు మొదలయ్యాయి. వాటిలో అల్లాల్‌ది ఏదో ఆమెకు తెలుసు. కాస్త ఆలస్యంగా, కాస్త మెత్తగా పడేది.

బతూల్ పలక మీది గుడ్డ సర్ది, పొడి పిండి అంటిన చెయ్యి ఎత్తి, సందు చివర మెట్ల వైపు చూపించింది.

"పైకి," అంది. "దారి తెలియకపోతే ఎప్పుడూ పైకి ఎక్కాలమ్మా. ఏదో ఒక దర్వాజా వస్తుంది."

నౌఫల్ ఆ మాటను ఆవిడ భాషలోకి మార్చి చెప్పాడు. ఆవిడ దండం పెట్టినంత పనిచేసి మెట్లెక్కింది. అతను మాత్రం కదల్లేదు. చెప్పిన మాట ఇప్పుడు అతనికే వినబడుతున్నట్టుంది.

"ఇది మొన్న కెమెరా ముందు చెప్పలేదే అక్కా," అన్నాడు చివరికి.

"చెప్పలేదు," అంది బతూల్. పలక ఎత్తి బట్టీలోకి నడిచింది.